పెట్టె చుట్టూ పాట

మా గుడిలో పాటలు మావి, ముందు చోటు వాళ్లది. ఈ సంగతి ఎవరూ గోడ మీద రాయలేదు గానీ పసిపిల్లలకు కూడా తెలుసు. జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరు పోయే రోడ్డుకు కాస్త లోపలగా ఉండేది మా ఊరు. గుడిని శిలువ ఆకారంలో కట్టారు. కుడి రెక్కలో పెద్దిళ్ల వాళ్లు కూర్చునేవాళ్లు, ఎడమ రెక్కలో మా పేట వాళ్లం. దేవుడు ఒక్కడే, పూజ ఒక్కటే, నాలుక మీద పెట్టే అప్పం ఒక్కటే. చాపలు మాత్రం వేరు. మా చాప వాళ్ల చాపకు తగిలితే వాళ్లది దులిపి మళ్లీ పరిచేవాళ్లు.

పెద్దిళ్లలో ఆడపిల్ల పదిమంది ముందు గొంతెత్తి పాడటం మర్యాద కాదనుకునేవాళ్లు. అందుకని కన్యాస్త్రీలు పాటలు నేర్పాలంటే వాళ్లకు మా పేట పిల్లలే దొరికారు. అప్పుడు పూజ ఇంకా లాటిన్‌లోనే జరిగేది. ఆ లాటిన్‌ను తెలుగు అక్షరాల్లో రాసుకుని, ఏ పాట ఎందుకో సిస్టరమ్మ చేత చెప్పించుకుని పాడేవాళ్లం. నేను మిషను బడిలో కొత్తగా చేరిన టీచరును. హార్మోనియం నాది. నాదంటే నేను కొన్నది కాదు, దాని మీద వేళ్లు పెట్టే హక్కు నాది. ఆ హక్కు కోసం ఎవరితోనైనా పోట్లాడేదాన్ని. మా అమ్మ పత్తి చేలల్లో కలుపు తీసే మనిషి. ఒక్క అక్షరం రాదు గానీ పాటపూజ మొదటి నుంచి చివరిదాకా నోటికి వచ్చు. ఆమె గొంతు గడ్డపార లాంటిది. ఎక్కడ దించితే అక్కడ దిగేది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి, పంచాయతీ సమితులు కొత్తగా వచ్చిన రోజుల్లో మా సమితి ప్రెసిడెంటు చనిపోయాడు. ఆయన మా గుడి మనిషే. కుడి రెక్కలో మొదటి స్తంభానికి ఆనుకుని కూర్చుని, ప్రసంగం మొదలు కాగానే నిద్రపోయేవాడు. మంచివాడా అని అడిగితే నేను కాస్త ఆలోచించి చెప్పాలి. మా పేటకు మంచినీళ్ల బావి తవ్వించాడు. ఆ బావి పెద్దిళ్లకు ఎంత దూరంగా ఉండాలో కూడా ఆయనే వచ్చి చూపించాడు. మా బడికి రేకులు వేయించాడు. నా ఉద్యోగానికి మాట సాయం చేశాడు. చేసిన మేలు మరిచిపోయే మనిషిని కాను, చూసింది దాచుకునే మనిషిని కూడా కాను.

ఆయన ఇంట్లో పొయ్యి ఆరేది కాదు. తెల్లవారక ముందే పులివెందుల వైపు నుంచి ఒక గుంపు, కమలాపురం వైపు నుంచి ఒక గుంపు వచ్చి వసారాలో కూర్చునేవి. ఒకరికి పొలం గట్టు తగాదా, ఒకరికి కొడుకు ఉద్యోగం, ఒకరికి పోలీసు స్టేషనులో పడి ఉన్న తమ్ముడు. విస్తరి ముందు కూర్చున్న మనిషిని కూడా లేపుకుని పోయేవాళ్లు. వండి వార్చేది భార్య. ఆ ఇంట్లో ఆమెను ఎవరూ ఏమీ అడిగేవాళ్లు కాదు, మంచినీళ్లు తప్ప.

ఆసుపత్రి నుంచి శవాన్ని తెచ్చిన రోజు ఆమె నన్ను దొడ్డివాకిలి దగ్గరికి పిలిపించింది. ముందు వాకిట్లో జనం కిటకిటలాడుతున్నారు. వెనక పెరట్లో ఆమె ఒక్కతే రోటి మీద కూర్చుని ఉంది. నేను గడప ఇవతల నిలబడ్డాను.

“ఏమ్మే టీచరమ్మా, రేపు పూజ ఎంతసేపు పడతాది?” అని అడిగింది.

“అన్ని పాటలూ పాడితే గంటన్నర పడతాదమ్మా. శానా సేపు అనుకుంటే ఫాదరు తగ్గిస్తారు.”

“తగ్గియ్యొద్దు. ఒక్క పాట గూడా ఇడిసిపెట్టొద్దు.” రోటి మీద కాస్త ముందుకు జరిగింది. “ఇన్నేండ్లు కాపురం చేసినా. ఆ మనిషి ఒక్క పూటన్నా నా ఎదురుగ్గా నిలకడగా కూసున్న్యాడా? ఎప్పుడు జూసినా జనం, జీపు. ఇప్పుడు పెట్టెలో పండుకున్న్యాడు, యాడికీ లేసిపోల్యాడు. ఆ గంటన్నర నాది. ఊరికి కాదు, పార్టీకి కాదు, నాకు. అది నువ్వు నాకు ఇప్పియ్యాల.”

ఆమె ఏడవలేదు. అప్పు వసూలు చేసే మనిషిలా సూటిగా నా మొహంలోకి చూసింది. ఆమెను నేను చాలా ఏళ్లుగా గమనిస్తున్నాను. మేము పాడేటప్పుడు కుడి రెక్కలో స్తంభం చాటున ఆమె పెదాలు మాతోపాటు కదిలేవి. శబ్దం వచ్చేది కాదు. ఆమెకు అన్ని పాటలూ వచ్చని నాకు తెలుసు, నాకు తెలుసని ఆమెకు తెలుసు. మా మధ్య ఉన్న పరిచయం అంతే.

“ఇప్పిస్తానమ్మా” అన్నాను. అనేశాక వెనక్కి తగ్గటం నాకు చేతకాదు.

బడి దగ్గరికి వచ్చేసరికి వరండాలో మా ఫాదరుతో జీపాయన మాట్లాడుతున్నాడు. ప్రెసిడెంటు గారి జీపు నడిపేదీ, ఆయన తరఫున తిట్టేదీ, తిట్టినవాళ్లను మళ్లీ బుజ్జగించేదీ ఈ ఒక్కడే కాబట్టి మేమంతా జీపాయన అనేవాళ్లం. ఆయనది మా మతం కాదు. ఆదివారాలు గుడి బయట జీపులో చుట్ట కాలుస్తూ కూర్చునేవాడు, లోపలికి ఏనాడూ రాలేదు.

“సామీ, ప్రొద్దుటూరు నుంచి బ్యాండు సెట్టు వస్తాంది. పెద్దపెద్దోళ్లు వస్తాండారు. గుడి లోపల మైకు పెట్టిస్తే నలుగురు నాలుగు మాటలు మాట్లాడతారు” అన్నాడు.

మా ఫాదరు గుంటూరు వైపు మనిషి. మాట మెత్తన, పట్టు గట్టి. “లోపల మైకు ఉండదండీ. ఉపన్యాసాలు ఉండవు. చనిపోయినవారి పూజలో హార్మోనియం కూడా ఊరికే మోగకూడదు, గొంతుకు తోడుగా మాత్రమే పలకాలి. పెట్టె గడప దాటేదాకా బయట చిన్న శబ్దం కూడా రానివ్వకండి. ఆ తరవాత మీ ఇష్టం.”

“కానీండి సామీ. పెద్దాయన్ను లేపేదాకా ఒక్క టపాకాయ గూడా పేలదు. నాది పూచీ” అన్నాడు జీపాయన. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పు అడిగే రకం వీళ్లు అని నేను మనసులో తిట్టుకున్నాను. కానీ ఆ మనిషి ఇచ్చిన మాట తప్పే రకం కాదు. అతను మాట తప్పలేదు కూడా. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఆ సాయంత్రం వరండాలో పాటలు సాధన చేశాం. తీర్పు రోజును తలుచుకునే పాట ఒకటుంది, చాలా పొడుగు. సగం చరణాలు వదిలేద్దాం అక్కా, ఎవరికి తెలుస్తుంది అన్నారు పిల్లలు. ఒక్క చరణం కూడా వదిలేది లేదన్నాను. పట్టిన కుందేటికి మూడే కాళ్లంటాది నా కూతురు అని మా అమ్మ విసుక్కుని, తానే మొదటి చరణం ఎత్తుకుంది.

మర్నాడు జనం గుడిలో పట్టలేదు. జీపులు, లారీలు, ఎద్దుల బండ్లు రోడ్డుదాకా నిలిచాయి. కానుగ చెట్ల కింద ఎర్రకోట్ల బ్యాండువాళ్లు వాయిద్యాలు ఒళ్లో పెట్టుకుని బుద్ధిగా కూర్చున్నారు. జీపాయన పూచీ అలా ఉంది మరి. గుడిలో రెండు రెక్కలు కలిసే చోట, పీఠానికి ఎదురుగా పెట్టెను ఉంచారు. దాని చుట్టూ పసుపు మైనంతో చేసిన కొవ్వొత్తులు వెలుగుతున్నాయి. ఫాదరు నల్ల వస్త్రాలు వేసుకున్నారు.

మేము మొదలుపెట్టాం. నిత్య విశ్రాంతి ఇవ్వమని అడిగే మొదటి పాట, దయ చూపమనే పాట, ఆ తరవాత తీర్పు పాట, చివరి చరణం దాకా. హార్మోనియం గొంతు కింద చాప పరిచినట్టు నడిచింది. నడుమ ఒకసారి తలెత్తి కుడి రెక్క వైపు చూశాను. ఆమె కొంగు మొహం మీది నుంచి జరిగిపోయి ఉంది. పెట్టెనే చూస్తోంది. పక్కన చుట్టాలు ముక్కులు చీదుకుంటున్నారు, ఆమె అదేమీ పట్టించుకోవటం లేదు. పొలం నుంచి ఆలస్యంగా వచ్చిన మగణ్ణి అన్నం తింటుంటే ఎదురుగా కూర్చుని చూసినట్టు చూస్తోంది. పెదాలు కదులుతున్నాయి. నాకు ఏడుపు వచ్చింది. పాడేవాళ్లకు ఏడ్చే వీలు లేదు, మింగేసి పాడాను.

పూజ నడిమికి వచ్చింది. ఫాదరు పీఠం వైపు తిరిగి, అప్పాన్ని చేతుల్లోకి తీసుకుని పైకి ఎత్తారు. ఆ క్షణంలో అందరం మోకాళ్ల మీద ఉంటాం, పాట ఆగుతుంది, చేతిగంట మోగిస్తారు. గంట మోగింది.

మా వైపు పల్లెల్లో ఒక పద్ధతి ఉంది. శవాన్ని ఇంటి ముందు నుంచి లేపే ఘడియలో దాసరి శంఖం ఊది గంట కొడతాడు. ఆ గంట వినపడగానే తప్పెట్లు అందుకుంటాయి, బంధువులు భుజాలు పెడతారు. తప్పెట మోగాక శవం ఇంకా నేల మీద ఉంటే ఊరికి అరిష్టమంటారు. బయట ఉన్న వందల మందికి గంటంటే తెలిసింది అదే. గుడి పూజలో నడుమ గంట మోగుతుందని జీపాయనకు ఎవరూ చెప్పలేదు. ఫాదరుకు చెప్పాలని తోచలేదు. నాకూ తోచలేదు, ఎందుకంటే పుట్టినప్పటి నుంచి వింటున్న గంట అది.

బ్యాండు ఒక్కసారిగా విరుచుకుపడింది. టపాకాయలు పేలాయి. జిందాబాదులు, అమర్ రహేలు గోడలకు కొట్టుకుని లోపలికి వచ్చాయి. కొవ్వొత్తులు రెపరెపలాడాయి. తలుపు దగ్గరి జనాన్ని తోసుకుంటూ జీపాయన, వెనక పదిమంది మగవాళ్లు భుజాల మీద తువ్వాళ్లు మడిచి పెట్టుకుని గబగబా లోపలికి వచ్చేశారు.

“జరగండి జరగండి! గంట గొట్టినారు, ఎత్తాల. యాళ దాటిపోతాంది!”

ఫాదరు వెనక్కి తిరగలేదు. ఆ ఘట్టంలో పూజ చేసే గురువు తిరగడు. గుడి కూలినా తిరగడు. ద్రాక్షరసం గిన్నెను చేతుల్లోకి తీసుకుంటున్న ఆయన వీపు మాత్రమే కనిపిస్తోంది. కుడి రెక్కలో మగచుట్టాలు ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. ఆమె లేచి నిలబడింది. ఆమె కళ్లు ఇప్పుడు పెట్టె మీద లేవు, నా మీద ఉన్నాయి.

నాకు భయం వేయలేదు, కోపం వచ్చింది. ఒక్క గంటన్నర అడిగింది ఆ మనిషి. ఒక జీవితంలో గంటన్నర. అది కూడా లాక్కుపోతారా అనిపించింది.

గంట మోగాక పాడవలసిన చిన్న పాట ఒకటుంది. హార్మోనియం మూసేసి, నోటితోనే ఎత్తుకున్నాను. ఎత్తుకుంటూనే లేచి నడిచాను. పెట్టె తల దగ్గరికి పోయి నేల మీద కూర్చున్నాను. మా అమ్మకు నేను ఏమీ చెప్పలేదు. చావింట్లో శవం చుట్టూ ఆడవాళ్లు కూర్చుంటే, వాళ్లు లేచేదాకా మగవాళ్లు చెయ్యి వేయరని ఆమెకు ఒకరు చెప్పాలా! గొంతు దించకుండానే వచ్చి నా పక్కన కూలబడింది. వెనకే మా పాటల జట్టు మొత్తం వచ్చింది. ఆ వెనక పేట ఆడవాళ్లు వచ్చారు. పెట్టెకు వీపులు ఆనించి, మొహాలు జనం వైపు పెట్టి, భుజం భుజం కలిపి కూర్చున్నాం.

మగవాళ్లు పరుగున వచ్చి మా ముందు టక్కున ఆగిపోయారు.

ఎందుకు ఆగారో నాకు వెంటనే అర్థమైంది. ఆడవాళ్లమని కాదు, పేట వాళ్లమని. పెట్టె మీద చెయ్యి పడాలంటే మమ్మల్ని తాకాలి. పెద్దాయన్ను మోయబోతూ మమ్మల్ని తాకితే మైల. మా చాప తగిలితే దులుపుకునేవాళ్లు, మా వీపులను దాటి ఎలా వస్తారు? పుట్టినప్పటి నుంచి ఆ అంటు నా వెంట నడిచింది. ఆ బావి దగ్గర, ఆ దొడ్డివాకిలి గడప దగ్గర. ఆ పూట దాన్నే గోడగా కట్టుకుని కూర్చున్నాను. సిగ్గుపడ్డానా? లేదు. ఇన్నాళ్లూ దాన్ని మోసింది మేము, అది ఒక్క పూట మా పని చేస్తే తప్పేముంది?

“ఏమ్మే, లేయండి! మతి ఉండాదా మీకు?” అని జీపాయన అరిచాడు.

నేను పాడుతున్నాను. మామూలుగా ఆ పాట ఒక్కసారి పాడి ఊరుకుంటాం. అయిపోగానే మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాను. మా అమ్మ గడ్డపార దించింది. బయటి బ్యాండు మమ్మల్ని ముంచేస్తోంది, మేము తేలుతున్నాం, మళ్లీ ముంచేస్తోంది.

అప్పుడు ఒకతను పెట్టె కాళ్ల వైపు మా వరసలో ఖాళీ కనిపెట్టాడు. మాకు మనుషులు చాలలేదు. “ఈడ సందుంది మామా!” అని అతను వంగబోయాడు. అంతలో కుడి రెక్కలోంచి ఆమె వచ్చింది. ఒక ముసలామె ఆమె కొంగు పట్టి లాగింది. కొంగు విడిపించుకుని వచ్చి, ఆ ఖాళీలో, మా పేట మంత్రసానికీ మా చిన్నమ్మకూ నడుమ ఇరుక్కుని కూర్చుంది. భుజాలు ఆనుకున్నాయి. ఆమె పాడటం మొదలుపెట్టింది. ఇన్నేళ్లూ పెదాల వెనక ఉన్న గొంతు బయటికి వచ్చింది. బాగుందని చెప్పలేను, బొంగురు పోయి ఉంది. కానీ ఒక్క అక్షరం తప్పలేదు.

జీపాయన ఆమెను చూశాడు. వెనక్కి తిరిగి తలుపు దగ్గరికి పోయి, “ఆపండప్పా! బ్యాండు ఆపండి! ఇంకా కాలేదంట” అని కేకేశాడు. బ్యాండు మేస్త్రీ ప్రొద్దుటూరు సాయిబు, పెద్ద వయసువాడు. లోపల ఆడవాళ్ల పాట వినపడగానే అతనే చెయ్యెత్తి ఆపించాడని తరవాత తెలిసింది. దేవుడి ముందు నిలబడ్డవాళ్లను కదిలించకూడదన్నాడట. ఎవరి మాట మీద ఆగితేనేం, ఆగింది.

మిగిలిన పూజంతా మేము అక్కడే కూర్చుని, మోకరించి, మళ్లీ కూర్చుని పాడాం. హార్మోనియం లేదు. చావుపూజకు వాయిద్యం లేకపోయినా లోటు లేదు. మగవాళ్లు మమ్మల్ని తాకకుండా జానెడు దూరంలో నిలబడే ఉన్నారు.

చివరికి పెట్టెకు వీడ్కోలు చెప్పే ప్రార్థన వచ్చింది. ఫాదరు తీర్థపు నీళ్లతో, సాంబ్రాణితో పెట్టె చుట్టూ తిరగాలి. మమ్మల్ని జరగమన్నట్టు చూశారు. ఆమె కదలలేదు, నేనూ కదలలేదు. ఆయన మా వరస బయటి నుంచే చుట్టూ తిరిగారు. పెట్టె మీద పడవలసిన నీళ్లు సగం మా నెత్తిన పడ్డాయి.

నా ఎదురుగా నిలబడ్డ మగవాళ్లలో ఒకతను ఊపిరి పీల్చుకున్నాడు. “సామి నీళ్లు సల్లి శుద్ధి జేసినాడు లేప్పా. ఇంక పట్టొచ్చు” అన్నాడు పక్కవాడితో. పక్కవాడు తలూపాడు.

నాకు ఒళ్లంతా మండిపోయింది. దీవెన నీళ్లు మా అంటు కడగడానికి అనుకున్నారు. జవాబు నా నాలుక చివర ఉంది. కానీ ఆ మాట ఆమె కూడా విన్నది. తల తిప్పి నన్ను అడిగింది.

“ఇంకేమన్నా పాట మిగిలిందా?”

“ఒకటుందమ్మా. దేవదూతలు తోడు పోవాలని పాడేది. సమాధుల తోటకు పోతా దోవలో పాడతాం.”

“తోటకు ఆడోళ్లను రానియ్యరు మా ఇండ్లల్లో. నాకు ఇనపడదు. ఈడనే పాడు.”

ఫాదరు మెల్లగా వంగి, “అది పెట్టె వెంట నడుస్తూ పాడేదమ్మా. ఇక్కడ కాదు” అన్నారు.

“ఆమె నడవదు ఫాదర్” అని చెప్పి, శ్రుతి ఇచ్చాను.

మేము కూర్చునే పాడాం. ఆమె నీళ్లు పడిన తలను మంత్రసాని భుజం మీద ఆనించి, కళ్లు మూసుకుని పాడింది. పెద్దవాళ్లు, చిన్నవాళ్లు, మైకు దొరకని నాయకులు, మడిచిన తువ్వాళ్లతో భుజాలు సిద్ధం చేసుకున్న మగవాళ్లు అందరూ నిలబడి ఉన్నారు. నేను పాటను తొందర పెట్టలేదు. అంత నిదానంగా ఆ పాటను అంతకు ముందూ పాడలేదు, తరవాతా పాడలేదు.

పాట అయిపోయాక ఆమె పెట్టె మీద చెయ్యి వేసి కాసేపు ఉంచింది. తరవాత లేచింది. ఆమె లేచాక మేము లేచాం.

“ఇంక తీసకపోండప్పా” అంది.